టేపు బాబాయి, దిగిన అలమరలు

మా బాబాయికి కొలిచే జబ్బు ఉంది. ఉన్న జబ్బు అదొక్కటే. సిగరెట్టు కాల్చడు, పేకాడడు, ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడడు. జేబులో మాత్రం ఎప్పుడూ ఒక ఇనుప టేపు, చెవి వెనక ఒక పెన్సిల్ ముక్క ఉంటాయి. కూర్చోమంటే ముందు కుర్చీని కొలుస్తాడు. నా పెళ్ళి ఫోటోలో చుట్టాలందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయనొక్కడూ వంగి వేదిక ఎత్తు కొలుస్తుంటాడు. ముప్పై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసిన మనిషి. రిటైరయ్యాక కోయడం మానేశాడు గానీ కొలవడం మానలేకపోయాడు. వీధి వీధంతా ఆయన్ని టేపు బాబాయి అంటుంది.

అలాంటి మనిషిని వంటింటి పనికి పిలవకూడదు. నేను పిలవలేదు కూడా. ఆయనే వచ్చాడు.

మా ఇంట్లో వంటిల్లు అమ్మ రాజ్యం. మా ఆవిడా నేనూ పొద్దున్నే ఉద్యోగాలకి పరిగెడతాం. పొయ్యి దగ్గర చెంచా జరపాలన్నా అమ్మ అనుమతి కావాలి. ఈ మధ్య ఆరు నెలలుగా ఆ రాజ్యంలో సామానంతా గట్టు మీదికి చేరింది. పప్పుల డబ్బాలు, ఉప్పు జాడీ, టీపొడి, నూనె సీసాలు, అన్నీ అక్కడే. కూరగాయలు తరగడానికి జానెడు చోటు లేదు. అమ్మకి ఓపిక తగ్గిందేమో, వంటమనిషిని పెడదామా అని ఒకసారి అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నా చేతులు బాగానే ఉన్నాయి. ఆ మాట ఇంకోసారి ఎత్తకు" అంది. అయితే అలమరలే చాలడం లేదని మా ఆవిడా నేనూ తేల్చేసుకుని పాతవి పీకించేశాం. వాటి పై అరల్లో రెండు ఖాళీ సీసాలూ ఒక సాలెగూడూ తప్ప ఏమీ లేవు. అప్పుడైనా మాకు అనుమానం రావలసింది. రాలేదు.

కొత్తవి విడి పలకలుగా అట్టపెట్టెల్లో వచ్చే రకం. మనమే బిగించుకోవాలి. ఎవరైనా ఒక్క పూటలో బిగించుకోవచ్చని దుకాణం వాళ్ళ కాగితంలో రాసి ఉంది. ఆ ఎవరైనాలో మా బాబాయి కూడా ఉంటాడని రాసినవాడికి తెలియదు. నేను మూడు రోజులు సెలవు పెట్టాను, ఆదివారంతో కలిపి నాలుగు.

దుకాణంలో నమూనాకి పెట్టిన వంటింటిని ఆయన గంటన్నర కొలిచాడు. అలమరలో తల దూర్చి లోపలి నుంచి అంకెలు చెబుతుంటే సేల్స్‌మన్ పాపం, ఎవరో తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని రాసుకున్నాడు. తర్వాత నా కారు డిక్కీ కొలిచాడు, సీట్లు మడిచి మళ్ళీ కొలిచాడు, పద్నాలుగు పెట్టెలూ కొలిచాడు. అన్నీ వేలు దూరే సందు లేకుండా సరిపోయాయి. ఆయన స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకున్నాక తెలిసింది, నన్ను కొలవలేదని. నేను బస్సులో వచ్చాను.

మొదటి రోజు పెట్టెలు విప్పనివ్వలేదు. గోడలు కొలిచాడు. ఈ కొనకీ ఆ కొనకీ తేడా ఉందని కనిపెట్టి, ఇల్లు కట్టిన మేస్త్రీ మీద మధ్యాహ్నం దాకా జాలిపడ్డాడు. రెండో రోజు స్క్రూలు కొలిచాడు. రెండు వందల పదహారు. అన్నీ ఒకే పొడుగని సంచి మీదే ఉంది కదా అని నేను మొత్తుకుంటే, రాసినవాడు కొలిచి రాశాడని నమ్మకమేమిటన్నాడు. తీరా చూస్తే అందులో ఒకటి నిజంగానే పొట్టిది. ఇక చూడాలి ఆయన ముఖం. ఆ స్క్రూ పట్టుకుని గదిగదికీ తిరిగి ఒక్కొక్కరికీ చూపించాడు. మా ఆవిడకి రెండుసార్లు చూపించాడు.

నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. పొయ్యి భోజనాల బల్ల మీద ఉంది, గిన్నెలు మంచం కింద ఉన్నాయి. అమ్మ గంటకోసారి వచ్చి, "నా వంటిల్లు నాకెప్పుడిస్తార్రా?" అని అడుగుతోంది. సోమవారం నాకు ఆఫీసు.

దీనికి తోడు, టేపు కొన పట్టుకోవడానికి బాబాయికి ఎప్పుడూ అమ్మే కావాలి. నేనున్నానన్నా వినడు. వదినా, ఈ కొన కాస్త పైకి పట్టుకో అంటాడు. అమ్మ ఎడంచేత్తో పట్టుకుంటే, అటు వెలుతురు అడ్డం వస్తోంది, కుడిచేత్తో పట్టుకోమంటాడు. కుడిచెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయేది. విసుగొచ్చి అలా పట్టుకుంటోందనుకున్నాను. ఆయన అక్కడే పెన్సిల్‌తో గీత గీసి, చాలు వదినా అనేవాడు. సాయంత్రం మళ్ళీ అదే తంతు, మర్నాడు మళ్ళీ. ఒకే గోడని ఎన్నిసార్లు కొలుస్తావని అరిచాను. ఇనుప టేపు ఎండకి సాగుతుంది, చల్లబడ్డాక ఇంకోసారి చూసుకోవాలన్నాడు.

మూడో రోజు నా వంతు వచ్చింది. నా దారిన నేను పోతుంటే గోడకి నిలబెట్టి, నేల నుంచి నా కనుబొమల దాకా కొలిచాడు. ఎత్తు కావాలంటే నెత్తి దాకా కొలవాలి గానీ కనుబొమలేమిటన్నాను.

"కారు దగ్గర నిన్ను కొలవక పొరపాటు చేశాను. మళ్ళీ చెయ్యను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం సాయంత్రానికి అలమరలు గోడకెక్కాయి. మా ఆవిడ వాటిని చూసి అక్కడ ఏమీ అనలేదు, నన్ను పక్క గదిలోకి పిలిచి అంది. మొత్తం నాలుగు అలమరలు. పొయ్యి వైపు రెండూ కాగితంలో చెప్పిన ఎత్తులోనే ఉన్నాయి. మిగతా రెండూ వాటికన్నా జానెడు కిందికి దిగిపోయాయి. నాలుగు రోజులు స్క్రూలూ గోడలూ మనుషులూ కొలిచి మా ప్రాణాలు తోడేసిన మనిషి, చివరికి కంటికే కనబడేంత తేడా చేశాడు. దాచుకున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది. రేపు ఎవరినైనా పిలిచి ఇవి ఊడదీయించి సరిగ్గా పెట్టిస్తాను, నువ్విక టేపు జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళమన్నాను. ఆయన్ని అనకూడని మాట అది.

"కొలిచే పెట్టానురా" అన్నాడు మెల్లగా.

"ఏది కొలిచి? కాగితంలో ఉన్న ఎత్తు ఇది కాదే."

"కాగితంలోది కాదు" అని తల గోక్కుని, గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో అమ్మ ఉంది. లోపలికి వచ్చి, పప్పు డబ్బా కుడిచేత్తో తీసుకుని, కిందికి దిగిన అలమర తలుపు తెరిచి అరలో పెట్టింది. బయటికి తీసింది. మళ్ళీ పెట్టింది. తర్వాత టీపొడి పెట్టింది, ఉప్పు జాడీ పెట్టింది. ఆరు నెలలుగా గట్టు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే పైకెక్కాయి. పీట వేసుకోలేదు. చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. నాకు పాత అలమరల్లోని సాలెగూడు గుర్తొచ్చి సిగ్గేసింది.

"నీకెవరు చెప్పారు?" అంది అమ్మ, ఆయన వైపు చూడకుండా.

"ఎవరూ చెప్పలేదు వదినా. టేపు చెప్పింది."

ఆరు నెలలుగా కుడి భుజం పైకి లేవడం లేదట. చెబితే వంటమనిషిని తెచ్చి పెడతామని భయపడి దాచిందట. బాబాయి ఆ సంగతి కనిపెట్టి, అమ్మ దాచుకున్నదాన్ని తానూ దాచి, అలమరలు మాత్రం దించాడు. వంటమనిషి మాట జన్మలో ఎత్తనని, డాక్టరు దగ్గరికి మాత్రం రమ్మని అమ్మని బతిమాలాను. ఒప్పుకుంది. ఆ రెండూ అలా కిందికి ఉంటేనే వంటింటికి అందమని మా ఆవిడ అప్పటికప్పుడు కనిపెట్టింది. నేను బాబాయి దగ్గరికెళ్ళి తప్పయిపోయిందన్నాను. ఆయన ఒక ఖాళీ అట్టపెట్టె కొలుస్తూ, ఉండరా, అంకె మర్చిపోతాను అన్నాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి ఆలస్యమవుతుంటే మంచినీళ్ళ కోసం వంటింట్లోకి దూసుకెళ్ళాను. అలమర తలుపులు తెరిచి వదిలెయ్యడం అమ్మకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పాతవి బాగా ఎత్తులో ఉండేవి కనుక ఇన్నాళ్ళూ బతికిపోయాను. ఈసారి తలుపు పైమూల వచ్చి నేరుగా నా కనుబొమల మధ్య తగిలింది. అయిపోయాననుకుని కళ్ళు మూసుకున్నాను. నొప్పి లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆ మూలకి మెత్తటి రబ్బరు ముక్క అంటించి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో నా కొలత రాసి ఉంది.

ఏమైందిరా అని అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కంగారుగా అడిగింది.

"ఏమీ కాలేదమ్మా. ఈసారి నన్ను కూడా కొలిచాడు" అన్నాను.