బావ డిక్కీలోని రాయి

దయ్యాల మాటెత్తితే నేను ఇంతెత్తున లేచేవాణ్ణి. బాన్సువాడలో నాది కార్ల షెడ్డు. బండి మొరాయిస్తే నిమ్మకాయలు కట్టుకుని వచ్చేవాళ్లను, "ముందుగాల ఆయిల్ మార్పియ్యుండ్రి" అని తిట్టేవాణ్ణి. ఇది కూడా నమ్మమని ఎవరినీ అడగను.

2002 యాసంగి పంట కాలం. మా సుజాతక్క భర్త సాయిలు బావ పాత అంబాసిడర్ కొని కిరాయికి తిప్పుతున్నాడు. వర్ని వైపు వాళ్ల ఊరు. ఊరు దాటగానే రోడ్డు కాలువ వైపు దిగుతుంది. నిండు నెలల అక్కను దవాఖానకు తెచ్చినప్పుడల్లా కారు ఆ దిగుడులోనే ఆగేది. బ్రేకులు పట్టేసి, కాసేపటికి వాటంతటవే వదిలేవి. అక్క లేని రోజు ఏ ఇబ్బందీ లేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

జాకీ ఎక్కిస్తే నాలుగు చక్రాలూ హాయిగా తిరిగాయి. బ్రేకు సిలిండర్ విప్పాను, రబ్బర్లు మార్చాను. హ్యాండ్ బ్రేకు వైరు బిగుసుకుంటుందేమోనని చివరికి దాన్నే ఊడదీశాను. మా దగ్గర డ్రైవర్లు బండి ఆపితే చక్రం కింద రాయి పెడతారు. బావ డిక్కీలోనూ ఒక నల్లరాయి ఉండేది. నేను బాగుచేసిన బండికి రాయెందుకని చిరాకుపడి దాన్ని పారేశాను. ఎంత పొగరు నాకు!

వారం తిరక్కుండా అక్కకు నొప్పులొచ్చాయి. దారిలో ఆగితే ఎట్లా అని బావ నన్నూ పిలిపించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. డీజిల్ కలిసొస్తుందని దిగుడులో గేరు తీసేయడం బావకు అలవాటు. గేరు తీశాడు. సగంలో కారు టక్కున ఆగింది.

"ఏంది బావా, గిప్పుడా బ్రేకు తొక్కుడు?"

"నేను తొక్కలే రా! పెడలు ఊకనే కిందికి పోతుంది."

వెనక సీట్లో అక్క అరుస్తోంది. పానా పట్టుకుని దిగాను. బ్రేకు పట్టేస్తే చక్రం దగ్గరుండే చిన్న మర, నిపుల్ విప్పుతాం, ఆయిల్ చిమ్మి బ్రేకు వదులుతుంది. విప్పాను. ఒక్క చుక్క రాలేదు. వంగి చూస్తే వెనక బ్రేకు ఆయిల్ పైపు రాసుకుని తెగిపోయి ఉంది. ఆయిల్ మొత్తం దారిలోనే కారిపోయింది.

అంటే కారును ఆపింది బ్రేకు కాదు, అసలు బ్రేకే లేదు. హ్యాండ్ బ్రేకు నేనే పీకేశాను. గేరు తీసేసి ఉంది, రాయి లేదు. కింద నిండుగా కాలువ.

"అక్కా, దిగు! జల్ది దిగు!"

ఇద్దరం పట్టుకుని దించి ఒడ్డున కూర్చోబెట్టాం. "బట్టల మూట లోపల్నే ఉందిరా" అంటూ బావ మళ్లీ తలుపులోకి వంగాడు.

కారు కదిలింది. చప్పుడే లేదు. బావ కింద పడ్డాడు, వెనక చక్రం అతని కాలి మీదుగా పోయింది. కారు కాలువలో మునిగింది.

ఎవరిదో ట్రాక్టర్ ఎక్కించి ఇద్దరినీ దవాఖానకు చేర్చాను. నాకు మేనకోడలు పుట్టింది. బావకు మోకాలి కింద కాలు తీసేశారు.

కారును బయటికి లాగాక ప్రతి చక్రం విప్పి చూశాను. పట్టేసిన గుర్తు ఎక్కడా లేదు. అక్క దిగేదాకా దాన్ని ఆపిందేమిటో, బావ కోసం ఇంకొక్క నిమిషం ఎందుకు ఆగలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

దవాఖానలో తెలివొచ్చాక బావ ఒక్కటే అడిగాడు.

"గా రాయి యాడ పారేసినవ్‌రా?"