ట్రేలో ఉన్నది ఎవరిది?

ఎనభైల్లో, ఢిల్లీలోని మా న్యూరోసైన్స్ విభాగానికి ఏటా చలికాలంలో ఆర్.కె. పురం బడిపిల్లలు వచ్చేవారు. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతున్నా, ట్రేలోని మెదడును ముట్టుకోవాలని ఒకరినొకరు తోసుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నాతో పనిచేసే దీదీ మాత్రం నవ్వుతూ, "పహలే నమస్తే కరో" అనేవారు. చేతులు జోడించాకే ముట్టుకోనిచ్చేవారు. మెదడుకు నొప్పి తెలియదని కూడా చెప్పేవారు. అది ఎవరిదని పిల్లలు అడిగితే, "మాలూమ్ నహీ, బేటా" అనేవారు. నిజంగానే మాకు తెలిసేది కాదు.

తలలో కణితితో దీదీ పోయారు. తన మెదడును పిల్లలకే చూపించమని ముందే మాట తీసుకున్నారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ట్రే మీది గుడ్డ తీశాను. కణితి ఉన్నచోట చిన్న గుంట. పిల్లలు చేతులు జోడించారు.

"ఆంటీ, యే కిస్‌కా హై?" అంది రెండు జడల పిల్ల.

"మాలూమ్ నహీ, బేటా."

ఆ పిల్ల వేలు చాపి సరిగ్గా ఆ గుంట మీదే పెట్టింది.

"ధీరే!" అని, మెల్లగా ముట్టుకోమని అరిచాను, నొప్పి పుడుతుందేమోనని.