ఆనపపాదు కింద స్నానాలు

మా చిన్నతనంలో ఎండాకాలం స్నానాలు ఆనపపాదు దగ్గరే...

పెరట్లో పందిరి. పాదు మొదట్లో ఓ బండరాయి. పొద్దున్నే మగవాళ్ళం, పిల్లలం వరసగా వచ్చి ఆ రాయి మీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకునేవాళ్ళం. ఆడవాళ్ళు పక్కనే తడిక చాటున. ఆ నీళ్ళు కూడా చిన్న బోదె గుండా పాదులోకే పారేవి.

మాది బందరుకీ గూడూరుకీ మధ్య ఓ చిన్న ఊరు. వేసవిలో కాలవ కట్టేశారంటే మా నూతి నీళ్ళు ఉప్పన. అవి పోస్తే ఆకుల అంచులు మాడిపోయేవి. మంచినీళ్ళు కావాలంటే చెరువునుంచి బిందెలతో మోసుకురావాలి. అంత కష్టపడి తెచ్చినవి తిన్నగా మొక్కకి పోస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు.

"ముందు మనిషి ఒంటి మీంచి దిగాలిరా... ఆ తర్వాతే మొక్కకి" అనేది.

అందుకే వేసవంతా మా ఇంట్లో సబ్బు ఉండేది కాదు. సున్నిపిండే. సబ్బునీళ్ళు తగిలితే పాదు బతకదని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు పందిరికి ఒక్క కాయ మిగిలింది. విత్తనానికని వదిలిన కాయ... సన్నటి మెడ, గుండ్రటి పొట్ట. బరువుకి తొడిమ తెగకుండా కొబ్బరితాడుతో ఉట్టిలా అల్లి, అందులో కూర్చోబెట్టింది నాయనమ్మ. దిష్టికి మసిబొట్టు కూడా పెట్టింది.

ఆ విత్తనం ఆవిడ పుట్టింటిది. పెళ్ళయి వచ్చేటప్పుడు దివిసీమనుంచి తెచ్చుకుంది. కిందటేడు విత్తనపు కాయ గింజ పట్టకుండానే కుళ్ళిపోయింది. బూడిదలో దాచిన పాత గింజలన్నీ ఈ పాదుకే అయిపోయాయి. ఈ కాయ ముదిరి ఎండేదాకా పాదు బతకాలి. లేకపోతే ఆ విత్తనం ఇక లేనట్టే.

సరిగ్గా అప్పుడు మా బావ వచ్చాడు.

అక్కకి కొత్తగా పెళ్ళయింది. బావది గుడివాడ. మామిడిపళ్ళ రోజులని పిలిచాం. మెత్తటి మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. పెట్టెలోంచి గులాబీరంగు సబ్బు తీసుకుని, నేరుగా వెళ్ళి ఆ రాయి మీద కూర్చున్నాడు.

ఒళ్ళంతా నురగ... పెరడంతా ఏదో పేరు తెలియని పువ్వు వాసన. పందిరి సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆ బుడగల్లో రంగులు తిరిగేవి. నేను కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

నాయనమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి నురగ ఎటు పారుతోందో చూసేది.

కొత్త అల్లుడికి 'వద్దు' అనే మాట వినపడకూడదు. అది మా వైపు మర్యాద. నాలుగు రోజులు తిరక్కుండా ఆకులు వేలాడిపోయాయి. నాయనమ్మకి అన్నం సయించలేదు.

ఓ పొద్దున బావ స్నానం చేస్తుంటే, పక్కన నిలబడ్డ నామీద విరుచుకుపడింది.

"ఏరా, పాదులో సబ్బు రుద్దుకుంటున్నావా? బుద్ధుందా నీకు?"

"నేనెక్కడ రుద్దుకున్నానే? నా దగ్గర సబ్బేదీ?"

"నోర్ముయ్! పాదు చస్తే నీకు పట్టదా? ఇంట్లో సున్నిపిండికి కరువొచ్చిందా?"

బావకి నామీద జాలేసింది.

"పాపం, వాడు రాసుకోలేదండీ నాయనమ్మగారూ. ఇందరా, ఇవాళ నువ్వూ రాసుకో" అని సబ్బు తీసి నా చేతిలో పెట్టాడు.

తడిక వెనకనుంచి మా అక్క నవ్వు ఆగలేదు. "అయ్యో రామా... ఆ తిట్లు వాడికి కాదండీ, మీకు!" అనేసింది.

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ లేచాడు. మిగిలిన నీళ్ళు తీసుకుని దూరంగా అరటిచెట్ల దగ్గరికి వెళ్ళి నురగ కడుక్కున్నాడు. అల్లుడు అలిగాడేమోనని ఆ మధ్యాహ్నం అమ్మ మజ్జిగ కూడా రెండుసార్లు అడిగి వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే బావ రాయి మీద కూర్చుని పిలిచాడు.

"నాయనమ్మగారూ! సున్నిపిండి పంపిస్తారా?"

ఆవిడే గిన్నెతో వచ్చింది. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, ఇక ఉండలేక అడిగింది.

"అల్లుడుగారూ... ఏమీ అనుకోకపోతే కాస్త ఇటు జరగండి. వేళ్ళు ఈ పక్కనున్నాయి."

"ఇంతకీ స్నానం నాకాండీ, పాదుకా?"

"ఇద్దరికీనండీ. తలమీంచి పోసుకోండి, బాగా దిగుతాయి."

ఆ నవ్వులు... ఆ తడిమట్టి వాసన... సున్నిపిండి వాసన... ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో నాకు వస్తుంటాయి.

పాదు తేరుకుంది. కాయ ముదిరి, గోధుమరంగు తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. అక్కని కాపురానికి పంపేటప్పుడు నాయనమ్మ సగం గింజలు ఆమె కొంగున ముడేసింది.

తర్వాత... నాయనమ్మ పోయింది. మాకు స్నానాల గది వచ్చింది, కుళాయి వచ్చింది. నీళ్ళు గొట్టంలోంచి మురిక్కాలవలోకి పోయాయి. పందిరి తీసేశాం. ఏ ఏడు ఆ విత్తనం పోయిందో కూడా తెలియదు... కనిపెట్టి చూసినవాళ్ళు లేరు. గుడివాడలో అక్కావాళ్ళ పెరడు కూడా అపార్ట్‌మెంట్ అయిపోయింది.

ఇప్పుడు డాబా మీద తొట్టెలో నేనూ ఆనపపాదు పెంచుతున్నాను. చల్లపల్లి వెళ్ళినప్పుడు గింజల పొట్లం కొనుక్కొస్తాను. బాగానే కాస్తాయి... కర్రల్లా పొడుగ్గా, అన్నీ ఒక్కలాగే. వాటి గింజ దాచి మళ్ళీ వేస్తే ఆ కాపు రాదు.

దివిసీమ వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... సన్నటి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న ఆనపకాయ మీ పెరట్లో ఎక్కడైనా కాస్తోందాండీ? ఈసారి ఒక్క కాయ కోయకుండా వదలండి. రెండు గింజలు చాలు... నేనే వచ్చి తీసుకుంటాను.