పనస దుంగలో మూడో మేకు

ముందు పోయినవి చెబుతాను. మూడు రంపం బ్లేడ్లు, రెండు పూర్తి రోజులు, అలలు తిరిగి పొయ్యిలోకి తప్ప పనికిరాని రెండు పలకలు, కోటబొమ్మాళి నుంచి విజయనగరానికి రెండోసారి వెళ్ళి వచ్చిన ఛార్జీలు. ఇవన్నీ ఒక్క పనస దుంగ మింగింది.

ఆ ఏడు తుఫానుకు అక్కావాళ్ళ పెరట్లో పనస పడింది. వాళ్ళింటి రెండు తలుపులూ కొట్టుకుపోయాయి. గుమ్మాలకు రేకులు అడ్డం పెట్టుకుని ఉంటున్నారు. ఎక్కడికైనా లాక్కెళ్ళి దుంగల్ని పలకలుగా కోసే బ్యాండ్ సా మిషను నా దగ్గర ఉంది కాబట్టి, మీ చెట్టుతోనే మీకు తలుపులు చేయిస్తానని అక్కకు మాటిచ్చాను. రెండు తలుపులకు ఎనిమిది పలకలు కావాలి.

బ్లేడు ఎంచడానికి ఒక సాయంత్రమంతా లెక్కలు వేశాను. దుంగ వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. పన్నుకీ పన్నుకీ మధ్య అంగుళం ఉంటే ఒకేసారి పద్దెనిమిది పళ్ళు కొరుకుతాయి, అర అంగుళం ఉంటే ముప్పై ఆరు. ఎక్కువ పళ్ళయితే కోత నున్నగా వస్తుందనుకుని అర అంగుళానిది కొన్నాను. కొరికిన పొట్టు ఎక్కడికి పోతుందో మాత్రం లెక్కవేయలేదు. పచ్చి పనస పొట్టు బంకతో కలిసి పళ్ళ సందుల్లో ముద్ద కట్టింది. బ్లేడు కాలి, పక్కలకు జారి రెండు పలకల్నీ అలలు తిప్పి, రెండో పలక చివర తెగింది.

మళ్ళీ విజయనగరం వెళ్ళి అంగుళం ఎడం ఉన్నవి రెండు తెచ్చాను. ఈసారి మూడు పలకలు గీత గీసినట్టు వచ్చాయి. దుంగ చివర నల్లటి చార కనబడితే బావ వంగి చూశాడు.

"ఈ నలుపు ఏటి బావా?"

"వయసు," అన్నాను.

నాలుగో పలకలో బ్లేడు కీచుమని ఆగింది. చూస్తే పదమూడు పళ్ళు లేవు. నాలుగంగుళాల లోపల, చెట్టు కమ్ముకున్న ఇనప మేకు. ఆ నల్లచార దాని తుప్పుదే.

చప్పుడుకు బావ వాళ్ళమ్మ బయటికొచ్చింది.

"అది నేను కొట్టించినదే నాయనా. కాపు లేదని కొట్టించినాను. ఆ మరుసటేడే నలభై కాయలు కాసినాది. నువ్వూ తిన్నావు కదా."

"కోతకు ముందు అడిగాను కదత్తా, మేకులున్నాయా అని."

"బట్టల తీగ మేకులేమో అనుకున్నాను. కాపు మేకు మేకేటి?"

"ఒకటే కదా?"

"ఒక్కదానికే కాస్తాదేటి? మూడు కొట్టించినాను."

"ఎక్కడ?"

"సెట్టుకే."

బావ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒరే బావా, అంగుళానికి పళ్ళు లెక్కెట్టినావు, మాయమ్మని లెక్కెట్టనేదు."

నాకు నవ్వు రాలేదు. దుంగను తిప్పి, మేకు తగిలిన వైపు వదిలేసి, చివరి బ్లేడు బిగించాను. గజం దూరం కోయకముందే రెండోది తగిలింది.

మూడోది ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. తెలియకుండా ఇంకో బ్లేడు పెట్టే ధైర్యం నాకు లేదు. మిగిలిన దుంగ అక్కావాళ్ళ పెరట్లోనే ఉంది. దాని మీద కోళ్ళు ఎక్కుతుంటాయి. వచ్చిన మూడు పలకలకు వేరే చెక్క కొని కలిపి వీధి తలుపు పెట్టించుకున్నారు. పెరటి గుమ్మానికి ఇప్పటికీ రేకే. నేను వెళ్ళినప్పుడల్లా అక్క ఆ రేకు పక్కకు జరిపి దారిస్తుంది.

ఎనిమిదిలో మూడు ఇచ్చాను. అక్కకు ఇంకా ఐదు పలకలు బాకీ.