మూడో ఆదివారం మావయ్య మొహం

మా వీధి చివర టీ కొట్టతను టీని మరగబెడతాడే గాని దించడు. పొద్దున్నే తాగితే మధ్యాహ్నం దాకా నాలుక మీదే ఉంటుంది. సరే, అతని సంగతి వదిలేయండి. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, తీరిక మాత్రం పుష్కలంగా వచ్చిన రోజుల్లో, ఫోన్లో ఒక బ్రిటిష్ చిత్రకారుడి జీవితం చదివాను. లండన్లో ఒకే గదిలో బతుకంతా గడిపి, అవే నాలుగైదు మొహాలు వేశాడట. ఒక్కో మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి, పగలంతా వేసింది సాయంత్రానికి గీకేసి, మళ్లీ మొదలుపెట్టేవాడట. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత ఆ బొమ్మల కోసం వరసలో నిలబడ్డారట. (చిరిగిన స్వెట్టరు వేసుకునేవాడట. నేనూ వేసుకున్నాను. మార్చి నెల, అనకాపల్లి. చెమటకాయల సంగతి ఆ వ్యాసంలో లేదు.) నేనూ బొమ్మలే వేస్తానంటే, విశాఖలో జరిగే చిత్రాల ప్రదర్శనలో నా బొమ్మ తీసుకుంటే పెయింటింగ్ చదివిస్తానని, లేకపోతే తన ఎరువుల కొట్లో కూర్చోవాలని నాన్న తేల్చేశాడు.

బొమ్మ కోసం నా ముందు కూర్చోవడానికి దొరికింది మావయ్య. బెల్లం వండే మనిషి. పెనం మీద పాకం ఎప్పుడు దించాలో చూపుతోనే చెప్పేవాడు. ఎక్కడో ఉన్న కోటవురట్ల నుంచి కూడా ఆయనకి కబురొచ్చేది. అలాంటివాడు గానుగాడే రోజుల్లో ప్రతి ఆదివారం నా కోసం అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. మొదటి సాయంత్రం నేను గీకడం మొదలెట్టగానే, "ఏటల్లుడూ, పొద్దున్నుంచీ ఏసి ఇప్పుడు నా మొకం గీకేత్తన్నావు?" అన్నాడు.

"లండన్లో అలాగే చేస్తారు మావయ్యా."

"ఆళ్లకి సెరుకు లేదు గావాల."

మూడో ఆదివారం ఏమైందో గాని, పాకం వంక చూసే ఆ కన్ను బొమ్మలోకి దిగిపోయింది. అత్త గుమ్మంలోకొచ్చి "అన్నానికి లెగండి" అని బొమ్మతో చెప్పి వెళ్లిపోయింది. గర్వం కలిగింది. వెంటనే అనుమానం కూడా వేసింది. లండన్ ఆయనకి ఏళ్లు పట్టింది, నాకు మూడు వారాలా? గీకేశాను. మావయ్య లేచి గానుగ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంకో ఆరు ఆదివారాలకి గీకగా మిగిలిన రంగు మీద రంగు పేరుకుని బొటనవేలంత మందమైంది. విశాఖవాళ్లు మర్యాదగానే తిప్పి పంపారు. (బరువు గురించి మాత్రం ఒక మాటన్నారు.)

ఇప్పుడు ఎరువుల కొట్లోనే ఉంటాను. వచ్చిన రైతుల మొహాలు వాళ్లు నిలబడినంతసేపట్లో కాగితం మీద గీసిస్తాను, మురిసిపోయి పట్టుకెళ్తారు. ఆ స్వెట్టరు కుర్రాడు చూస్తే చిన్నతనంగా ఫీలయ్యేవాడు. అయినా వాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.

బొమ్మ మావయ్య ఇంట్లోనే ఉంది. మొన్న దాని ముందు నిలబడి, "తొందరపడి పంపేశాను మావయ్యా, ఇంకో రెండు నెలలుంటే కుదిరేది" అన్నాను.

మావయ్య బొమ్మ దగ్గరికెళ్లి, గడ్డకట్టిన ఆ రంగుని గోటితో నొక్కి చూశాడు.

"మూడో ఆదివారమే దించేయాల్సింది. మాడ్సేసేవు."