చివరి వరుసలో లింకు

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన పేరు లింకు బాబాయ్. కోడులో ఏ మార్పు చేసినా, ఎందుకు చేశారో చెప్పే కమిట్ మెసేజ్ అడుగున, ఆ మార్పు మీద జరిగిన చర్చ తాలూకు లింకు విడి వరుసలో, ముక్కలు కాకుండా ఉండాల్సిందే. లేకపోతే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "మళ్లీ రాసుకురామ్మా" అని తిప్పి పంపేస్తాడు. సరుకుల చీటీకి కూడా లింకు అడుగుతాడని భార్య ఎత్తిపొడుపు.

ఒక ఉదయం, వాళ్ల అలారం సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. రోగికి ఊపిరి అందకపోయినా, మంచం పక్కన అలారం రెండు నిమిషాలు ఆలస్యంగా మోగిందట. నర్సు చూసింది కాబట్టి ప్రాణం దక్కింది. "అలారం కోడు మార్చింది నువ్వేగా?" అని మేనేజరు కొత్తమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఆగండి, లింకుందిగా," అంటూ బాబాయ్ అలవాటు కొద్దీ అందరి ముందూ పెద్ద తెర మీద దాన్ని తెరిచాడు. అలారం ఊరికే మోగుతోందని ఆసుపత్రివాళ్లు పెట్టిన గోల అందులో ఉంది. దాని కింద ఆ అమ్మాయి ప్రశ్న: "రెండు నిమిషాలు ఆగి మోగితే ప్రమాదమేమో బాబాయ్?" ఆ కిందే జవాబు: "ఏం కాదు, కానిచ్చెయ్." ఆ జవాబు ఆయనదే.

ఆయన కళ్లజోడు కిందికి దించుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు. తర్వాత కూర్చుని, అలారం సరిచేసి, "తప్పు నాది" అని మెసేజ్ రాశాడు. అడుగున, విడి వరుసలో, ముక్కలు కాకుండా, అదే లింకు అతికించాడు.