గొర్రె తల ఎవరికి?

నరీన్ కొండల్లో ఏ గుడారంలో విందు జరిగినా మాంసం పంచేది అసన్‌కోజోయే. ఎముకను బట్టి మనిషికి మర్యాద. తల మాత్రం అతిథిది. కత్తిని బూటు తోలుకు రాసి, మీసం సవరించుకుని, ఎవరి స్థాయి ఎంతో ముసలాయన కళ్లతోనే తూచేస్తాడు. జార్లు పోయారు, ఎర్రజెండాలూ పోయాయి, ఆ తూకం మాత్రం పోలేదు. ఇప్పుడు బంగారు గని పెట్టిన విదేశీ కంపెనీ వచ్చింది. జీతాలిచ్చింది, రోడ్డేసింది, ఇక వేసవి మేతబయలు చుట్టూ కంచె వేస్తానంటోంది. వేస్తే మందలకు గడ్డి లేదు. ఆ సంగతి తేల్చుకోవడానికే ఈ విందు.

తల తన ముందు పెట్టగానే కంపెనీ మేనేజరు పొంగిపోయాడు. "నన్ను అతిథిలా చూడకండి పెద్దాయనా! ఇక ఇది నా ఇల్లే."

అసన్‌కోజో పళ్లెం చటుక్కున వెనక్కి లాగేశాడు. "ముందే చెప్పొద్దూ! ఇంటివాడివైతే అతిథులు కూర్చునే పైచోట కూర్చున్నావేం? లే, గుమ్మం దగ్గరికి రా. చెంబు పట్టుకుని అందరి చేతులకూ నీళ్లు పొయ్యి."

గుడారమంతా గొల్లున నవ్వింది. "మా కొడుకూ ఇల్లు తనదే అంటాడు, చెంబు మాత్రం ముట్టుకోడు!" అంది పొయ్యి దగ్గరి ముసలమ్మ.

మేనేజరు ముఖం కందిపోయింది. "లేదు లేదు, నేను అతిథినే."

"అందరూ విన్నారుగా?" అంటూ అసన్‌కోజో పళ్లెం మళ్లీ ముందుకు జరిపాడు. "కడుపునిండా తిను బాబూ. కంచె సంగతి ఇంటివాళ్లం మేం చూసుకుంటాం."